కొలత లేని గంగాళం

గోదావరి పాయ ఒడ్డున మెరకపాలెంలో, కొలవనిదే దేన్నీ నమ్మని జకరయ్య అనే వడ్రంగి మేస్త్రి ఉండేవాడు. గుమ్మాన్ని చూస్తే ఎన్ని అంగుళాలో చెప్పేవాడు. పెళ్ళి భోజనానికి కూర్చుంటే విస్తరి కంటే ముందు బల్ల ఎత్తు చూసేవాడు. భార్య మార్తమ్మ అన్నం వడ్డిస్తుంటే గరిటెలు లెక్కపెడతాడని ఊళ్ళో వేళాకోళం చేసేవారు. అది అబద్ధం. ఆ గరిటెకు ఎంత అన్నం పడుతుందో ఆయనకు ఎప్పుడో తెలుసు.

పనిలో ఆయనకు వంక పెట్టగలిగినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిక్కల్లా ఏమిటంటే, ఆయన మనుషుల్ని కూడా అలాగే కొలిచేవాడు. ఆ ఊరి చర్చికి ఆయన సంఘ పెద్ద. ప్రార్థనలో ఎవరు కునికారు, కానుక వేసేటప్పుడు ఎవరు మొహం చిట్లించారు, తప్పు చేసినవాడు ఎన్నాళ్ళు ఏడిస్తే సరిపోతుంది, అన్నీ ఆయన చూపుతోనే తేలాలి. ముప్ఫై ఏళ్ళుగా ఆ చర్చిలో ఆయన మాటకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

అదే ఊళ్ళో ఆశీర్వాదం ఇత్తడి పని చేసేవాడు. మూడేళ్ళ కిందట ఒక ఈస్టరు ఆదివారం తాగి చర్చికి వచ్చి, ప్రసంగం మధ్యలో లేచి వాదన పెట్టుకుని, మెట్ల మీద పడిపోయాడు. మర్నాడు తెలివొచ్చాక సిగ్గుతో కుంగిపోయాడు. పెద్దలు కూర్చుని అతన్ని ఆరు నెలలు ప్రభువు బల్లకు దూరంగా ఉంచారు. అంటే ఆరాధనకు రావచ్చు, వరండాలో కూర్చోవచ్చు, రొట్టె, ద్రాక్షరసం మాత్రం అందుకోకూడదు. ఆ రోజు నుంచి ఆశీర్వాదం మళ్ళీ చుక్క ముట్టలేదు. ఆరు నెలలూ గడిచాయి.

"ఇంకో ఆరు నెలలు చూద్దాం," అన్నాడు జకరయ్య.

అవీ గడిచాయి. మళ్ళీ ఆరు నెలలు అన్నాడు. అలా మూడేళ్ళు అయింది. నెలకోసారి రొట్టె పళ్ళెం లోపల వరసల్లో తిరుగుతుంటే, ఆశీర్వాదం వరండాలో తల దించుకుని కూర్చునేవాడు. అతనికి కావలసింది ఒక్కటే, మళ్ళీ లోపలికి రావడం. దానికి అడ్డం జకరయ్య ఒక్కడే.

ఆ ఏడాది చర్చికి రూబేను అనే కొత్త పాస్టరు వచ్చాడు. ఊరంతా అలవాటుగా అయ్యగారు అనేవారు గాని, ఆయనకు ఇంకా మీసం సరిగ్గా నల్లబడలేదు. వార్షిక సభలు దగ్గర పడుతుంటే ఆయన పెద్దల్ని పిలిచి ఒక మాట చెప్పాడు.

"పూర్వం ఇశ్రాయేలీయులు ఎడారిలో నడుస్తున్నప్పుడు దేవుడు వాళ్ళ మధ్య ఒక గుడారంలో నివసించాడు. మనం దాని గురించి చదువుతాం గాని లోపల నడవలేదు. చర్చి వెనక కోతకోసిన చేలో దాన్ని అసలు కొలతలతో కడదాం. జనం నడిచి చూస్తే, ప్రభువు మనకోసం ఏం చేశాడో వాళ్ళ కాళ్ళకు కూడా తెలుస్తుంది."

అసలు కొలతలు అనే మాట వినగానే జకరయ్య కుర్చీలోంచి ముందుకు జరిగాడు. "ఆ పని నాకు వదిలెయ్యండి," అన్నాడు.

మర్నాటి నుంచి ఆయన బైబిలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. అందులో కొలతలన్నీ మూరల్లో ఉన్నాయి. మూర అంటే మోచేతి నుంచి వేలి కొస దాకా. మరి ఎవరి చెయ్యి? పూలమ్మే ఆవిడ మూర వేరు, కొనే ఆవిడ మూర వేరు. ఆ తగాదా రోజూ బజార్లో చూసేదే. జకరయ్య అడుగున్నర అని తేల్చి, సరిగ్గా అంత పొడవున్న కర్ర ఒకటి చెక్కుకున్నాడు. ఆవరణం నూరు మూరల పొడవు, యాభై మూరల వెడల్పు. గుడారం ముప్ఫై మూరలు. రొట్టెల బల్ల రెండు మూరలు. దేవుడు పలక గురించి చెప్పాడు, పలక కింద దిమ్మ గురించి చెప్పాడు, దిమ్మలో దిగే కుసుల గురించి చెప్పాడు. ఆఖరికి తెర కట్టే మేకు గురించి కూడా చెప్పాడు.

జకరయ్యకు ఒళ్ళు గగుర్పొడిచింది. నక్షత్రాల్ని చేసిన దేవుడు వడ్రంగితో వడ్రంగి మాటల్లో మాట్లాడుతున్నాడు. ఆ పూట ఆయన అన్నం దగ్గర కూర్చుని కూడా ముద్ద నోట పెట్టలేదు.

"ఒంట్లో బాగాలేదా?" అని అడిగింది మార్తమ్మ.

"దేవుడికి మేకులంటే లెక్క ఉందే," అన్నాడాయన.

పని మొదలైంది. పలకలు చెక్కారు, స్తంభాలు పాతారు, ఆడవాళ్ళు నీలం, ఊదా, ఎరుపు నూలుతో తెరలు కుట్టారు. బలిపీఠం ఐదు మూరలకు ఐదు మూరలు, చూసినవాళ్ళు అబ్బా అనుకునేలా లేచింది. ఇక మిగిలింది గంగాళం. బలిపీఠానికీ గుడారానికీ మధ్య నీళ్ళతో ఉండే ఇత్తడి పాత్ర అది. గుడారంలో పూజ జరిపే యాజకులు అందులో నీళ్ళతో చేతులూ కాళ్ళూ కడుక్కోకుండా గుడారంలో అడుగు పెట్టకూడదు. ఇత్తడి పని చేసేవాడు ఊళ్ళో ఒక్కడే. జకరయ్య తప్పనిసరై ఆశీర్వాదం కొలిమి దగ్గరికి వెళ్ళాడు.

ఆశీర్వాదం గబగబా లేచి పీట తుడిచి వేశాడు. సంగతి విని అతని మొహం వెలిగింది. "దేవుడి పనండీ. కూలి మాట ఎత్తొద్దు. ఎన్ని మూరలో చెప్పండి చాలు."

జకరయ్య చంకలోని గ్రంథం తీసి వేలు పెట్టి చూశాడు. పేజీ తిప్పాడు. వెనక్కి తిప్పాడు. గంగాళం ఇత్తడిది అని ఉంది, దాని పీట ఇత్తడిది అని ఉంది, ఎక్కడ పెట్టాలో ఉంది, ఎవరు కడుక్కోవాలో ఉంది. కొలత లేదు.

"రేపు చెప్తాను," అని వచ్చేశాడు.

ఇంటికి వచ్చి మార్తమ్మ పుట్టింటివారిచ్చిన పాత ప్రతిలో చూశాడు. లేదు. అచ్చులో తప్పిపోయిందనుకుని రెండు వీధులు తిరిగి నాలుగిళ్ళలో అడిగి చూశాడు. లేదు. ఏడు దీపాలు పెట్టే దీపవృక్షానికి కొలత చెప్పకపోయినా బరువైనా చెప్పారు. దీనికి అదీ లేదు. సాయంత్రానికి అభిమానం చంపుకుని రూబేను అయ్యగారి గుమ్మం ఎక్కాడు.

"గంగాళానికి కొలత ఎక్కడుందండీ?"

"లేదండీ మేస్త్రిగారూ. ఆ గుడారం గంగాళానికి ఎక్కడా లేదు."

"మేకుల దాకా చెప్పినాయన ఇది మర్చిపోయాడంటారా?"

"దేవుడు మర్చిపోయాడంటే మీరు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోను."

"నేనూ ఒప్పుకోను. మర్చిపోలేదంటే కావాలనే చెప్పలేదు. ఎందుకో మీరే ఆలోచించండి. ఇంకోటి కూడా చూడండి. గుడారం వాకిట్లో సేవ చేసే ఆడవాళ్ళు ఇచ్చిన అద్దాల ఇత్తడి అది. అప్పట్లో అద్దాలు ఇత్తడివే. తమ మొహం చూసుకునేదాన్ని తెచ్చి, దేవుడి దగ్గర కడుక్కునేదానికి ఇచ్చేశారు."

ఆ మాట ఊళ్ళో పాకింది. మర్నాడు పొద్దున్నకల్లా ఆడవాళ్ళు కొలిమి ముందు ఇత్తడి కుప్ప పోశారు. బిందెలు, మరచెంబులు, చిల్లిపడ్డ పళ్ళేలు వచ్చాయి. బట్టలు ఇస్త్రీ చేసుకు బతికే రాహేలమ్మ, బొగ్గులు వేసే తన పాత ఇత్తడి ఇస్త్రీపెట్టె తెచ్చి పెట్టింది. "కొత్తది కరెంటుది ఉందిలే," అంది గాని, పెట్టె వదిలేటప్పుడు దాన్ని ఒకసారి కొంగుతో తుడిచింది.

జకరయ్య మాత్రం ఆలోచించలేదు. పని జరగాలంటే కొలత కావాలి, అంతే. మనిషికి ఒక చెంబు నీళ్ళు, రెండు వందల మంది, లెక్క వేశాడు. "మూరన్నర వెడల్పు, మూర లోతు చాలు," అన్నాడు.

ఆశీర్వాదం ఇత్తడి కుప్ప వంక చూశాడు. "దీనికి మూడింతలు పెద్దది వస్తదండీ. ఆయన కొలత పెట్టలేదంటున్నారు కదా, వచ్చినంత చేద్దామండీ."

"ఆయన పెట్టకపోతే మనం పెట్టుకోవాలి. మిగిలింది ఎవరిది వాళ్ళకి ఇచ్చెయ్."

ఆడవాళ్ళు తమ బిందెలు తాము చంకన పెట్టుకుని తిరిగి వెళ్ళారు. దేవుడు వద్దన్నాడో, మేస్త్రి వద్దన్నాడో వాళ్ళకు అర్థం కాలేదు. రాహేలమ్మ పెట్టె ఆ కొలతలోకి వచ్చింది.

ఆశీర్వాదం పది రోజులు వంచిన తల ఎత్తకుండా పనిచేశాడు. పాత ఇత్తడి కరిగించి, పలకలు పోసి, సుత్తితో సాగగొట్టి, అతికాడు. తర్వాత చింతపండుతో తోమి, నూలుగుడ్డతో రుద్ది రుద్ది మెరుగు పెట్టాడు. అద్దాలతో చేసిందని విన్నాడు కదా, అందులో మొహం కనబడేదాకా వదల్లేదు. చేలోకి మోసుకొచ్చి బలిపీఠం పక్కన పెట్టాక, అయ్యగారు జకరయ్యను పక్కకు పిలిచాడు.

"మేస్త్రిగారూ, సభల మొదటి రోజైనా ఆశీర్వాదాన్ని అందరితో లోపలికి రానిద్దాం."

"ఇంకో ఆరు నెలలు పోనివ్వండి. ఆవరణం గుమ్మం దాకా రమ్మనండి, చాలు," అన్నాడు జకరయ్య. ఆశీర్వాదం ఆ మాట విన్నాడు. ఆవరణం దాటి వెళ్ళి గుమ్మం తెర బయట నిలబడ్డాడు.

సభల ముందురోజు పెద్ద వాన కురిసింది. తెల్లారేసరికి చేను బురద బురద అయిపోయింది. అయినా జనం ఆగలేదు. పాయ అవతలి ఊళ్ళ నుంచి పడవల మీద కూడా వచ్చారు. తూర్పున ఇరవై మూరల గుమ్మం తెర పక్కకు లాగేసరికి, నూరు మూరల ఆవరణమూ, దాని చివర మసక ఎరుపు కప్పుతో గుడారమూ కనబడ్డాయి. మాట్లాడుకుంటూ వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే మాట ఆపేశారు. చంకన పిల్లలున్న తల్లులు కూడా గొంతు తగ్గించారు.

రూబేను అయ్యగారు బలిపీఠం దగ్గర నిలబడి చెప్పాడు. "గుమ్మం ఒక్కటే, చూశారా. లోపలికి రాగానే ఎదురయ్యేది ఇదే. ఇక్కడ మనిషి ప్రాణానికి బదులు ఒక గొర్రెపిల్ల ప్రాణం పోయేది. మనకోసం ఆ బలి సిలువ మీద ఒక్కసారే అయిపోయింది. అందుకే ఈ పీఠం మీద ఈరోజు నిప్పు లేదు. ఇది దాటి వెళ్ళి కడుక్కోండి, తర్వాత లోపలికి రండి."

ఆ రోజు జకరయ్యకు ప్రధాన యాజకుడి వేషం. నీలం అంగీ అంచున చిన్న గంటలు, రొమ్ము మీద పన్నెండు రంగు రాళ్ళు, నుదుటి మీద బంగారు పట్టీ. అందరూ వెళ్ళాక ఆఖరున ఆయన ధూపం తీసుకుని లోపలికి వెళ్ళాలి. అప్పటిదాకా గంగాళం దగ్గర నిలబడి, కడుక్కోనివాళ్ళు ఎవరూ గుడారంలోకి పోకుండా చూసే పని ఆయన తనకు తానే పెట్టుకున్నాడు.

లెక్క ప్రకారం మనిషికి ఒక చెంబు. కాని ఆయన లెక్క వేసింది పొడి కాళ్ళకు. మోకాళ్ళ దాకా బురదతో వచ్చినవాళ్ళకు మూడు చెంబులు కావలసి వచ్చాయి. రెండు వందలనుకున్న జనం నాలుగు వందలు దాటారు. మొదట్లో మోటారు పెట్టి గంగాళం నింపుతూ వచ్చారు. పదింటికి కరెంటు పోయింది. ట్యాంకులో ఉన్న నీళ్ళు వంటలకు అప్పటికే వాడేశారు. వరసలో ఇంకా ముప్ఫై మంది ఉండగా గంగాళంలో చెంబు అడుగుకు తగిలింది.

"కాళ్ళు కడగకుండా లోపలికి పోకూడదు," అన్నాడు జకరయ్య. "మీరు పక్కన నిలబడండి."

"ఎంతసేపు నాయనా?" అని అడిగింది ఒక ముసలావిడ. పడవ మీద వచ్చిన మనిషి ఆమె. నిలబడలేక కొడుకు భుజం పట్టుకుంది.

"నీళ్ళు వచ్చిందాకా. అది నియమం."

వాళ్ళు పక్కకు జరిగారు. ఇక మిగిలింది ఆయనే. అయ్యగారు లోపలి నుంచి ధూపం తెమ్మని కబురు పెట్టాడు. జకరయ్య ధూపం పళ్ళెం తీసుకుని రెండడుగులు వేసి ఆగిపోయాడు. పొద్దున్నుంచీ వరసలు సర్దుతూ అందరికంటే ఎక్కువ బురద తొక్కింది ఆయనే. నీలం అంగీ కింద రెండు కాళ్ళూ పిక్కల దాకా మట్టిగొట్టుకుని ఉన్నాయి.

చుట్టూ ముప్ఫై మంది ఆయన కాళ్ళ వంకే చూస్తున్నారు.

ఆయన వెనక్కి వచ్చి గంగాళం మీదికి వంగాడు. అడుగున చారెడు బురద నీళ్ళు ఉన్నాయి. వాటిని చేత్తో పక్కకు తుడిచాడు. మెరుగు పెట్టిన ఇత్తడి బయటపడింది. దాంట్లోంచి ఒక మొహం ఆయన్ని చూసింది. నుదుటి మీద బంగారు పట్టీ ఉంది, బుగ్గ మీద బురద చుక్క ఉంది. పక్కన నిలబడండి అని ఇప్పుడే ముప్ఫై మందితో అన్న నోరు ఉంది. ఆ మొహానికి ఎన్ని చెంబులు కావాలో ఆయన లెక్క వేయబోయాడు. లెక్క తేలలేదు. జీవితంలో మొదటిసారి కొలవలేనిదాని ముందు నిలబడి ఉన్నానని ఆయనకు తెలిసింది. దేవుడు కొలత ఎందుకు చెప్పలేదో అప్పుడు అర్థమైంది. కడిగే నీళ్ళకు ఆయన హద్దు పెట్టలేదు. పెడితే ఆ హద్దు దగ్గర ఎవడో ఒకడు మిగిలిపోతాడు. పెట్టింది తను, మిగిలిపోయింది తను.

అప్పుడే గుమ్మం దగ్గర ఏదో చప్పుడైంది. ఆశీర్వాదం భుజాన కావడితో నిలబడి ఉన్నాడు. రెండు పక్కలా నిండు బిందెలు. కరెంటు పోయిందని తెలియగానే అతను ఎవరూ చెప్పకుండా కాలవకు పరుగెత్తాడు. నీళ్ళతో వచ్చి గుమ్మం తెర దగ్గర సరిగ్గా గీత గీసినట్టు ఆగిపోయాడు. ఇక్కడిదాకానే రావాలన్నారు కదా.

గంగాళానికీ ఆ బిందెలకూ మధ్య యాభై మూరల దూరమైనా లేదు. జకరయ్య ఒక్కసారి రమ్మంటే చాలు.

"ఆశీర్వాదం, లోపలికి రా," అన్నాడు. చెయ్యి ఊపి మళ్ళీ అన్నాడు.

ఆశీర్వాదం కదల్లేదు. అతని మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే అడిగాడు. "నాకింకా ఆర్నెల్లు ఉంది కదండీ మేస్త్రిగారూ?"

"ఆ ఆర్నెల్లు పెట్టింది నేను. ఆయన పెట్టలేదు. నాకే నీళ్ళు లేక ఇక్కడ నిలబడిపోయానయ్యా, రా."

ఆశీర్వాదం గుమ్మం దాటాడు. మూడేళ్ళ తర్వాత, పెద్దలు అందరితో పాటు లోపలికి రమ్మంటే అతను దాటిన మొదటి గుమ్మం అది. గంగాళంలో నీళ్ళు పోయబోతుంటే జకరయ్య చెయ్యి అడ్డం పెట్టి, "నాకు కాదు, ముందు వాళ్ళకి," అన్నాడు. తనే చెంబు తీసుకుని ముసలావిడ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. ఆమె కంగారుపడి వద్దంది. ఆయన వినలేదు. ఆశీర్వాదం కాలవకు తిరిగి తిరిగి నీళ్ళు తెచ్చాడు. జకరయ్య కొలవకుండా పోశాడు. ముప్ఫై మందీ శుభ్రమైన కాళ్ళతో లోపలికి వెళ్ళారు. ఆఖరున ఆశీర్వాదం వంగి జకరయ్య పాదాల మీద నీళ్ళు పోశాడు. పోసి లేచి పక్కకు తప్పుకోబోయాడు.

"ఎక్కడికి?" అన్నాడు జకరయ్య. చెంబు అతని చేతిలోంచి తీసుకుని ఆశీర్వాదం కాళ్ళు తను కడిగాడు. నుదుటి మీది బంగారు పట్టీ జారి బురదలో పడినా తీసుకోలేదు.

ఇద్దరూ కలిసి గుడారంలో అడుగు పెట్టారు. బయట పట్టపగలు. లోపల నాలుగు కప్పుల కింద చీకటి. ఎడమ పక్క ఏడు దీపాలు వెలుగుతున్నాయి. వాటి వెలుగు బంగారు రంగు పలకల మీద మెల్లగా కదులుతోంది. కుడి పక్క బల్ల మీద పన్నెండు రొట్టెలు ఉన్నాయి. ఎదురుగా ధూపవేదిక, దాని వెనక అడ్డతెర. ఆ తెర వెనక స్థలంలోకి పూర్వం ఏడాదికి ఒక్క రోజు, ఒక్క మనిషి, రక్తం చేత పట్టుకుని, భయంతో వెళ్ళేవాడు. మిగతా జనమంతా బయట ఊపిరి బిగబట్టి ఉండేవారు.

ఆ తెర ఇప్పుడు పైనుంచి కింది దాకా రెండుగా చిరిగి ఉంది. మంచి గుడ్డ చింపవద్దని జకరయ్య వారం కిందట అయ్యగారితో వాదించాడు. ఇప్పుడు ఆ చిరుగు వంక తలెత్తి చూశాడు.

"ప్రభువు ప్రాణం విడిచినప్పుడు ఇది చిరిగింది," అన్నాడు అయ్యగారు నెమ్మదిగా. "కింది నుంచి మనిషి చింపింది కాదు. పైనుంచి ఆయన చింపాడు. ఇక బయట ఉండాల్సినవాళ్ళు లేరు."

చిరుగులోంచి దేవదూతల రెక్కల కింద, దేవుడు మనిషిని క్షమించి కలుసుకునే కరుణాపీఠం కనబడుతోంది. ఆ చెక్క జకరయ్యే చెక్కాడు. రెండున్నర మూరల పొడవు, మూరన్నర వెడల్పు, ఆయనకు తెలియనిది కాదు. అయినా దాని ముందు మోకాళ్ళు వాటంతట అవే వంగాయి. పక్కన ఆశీర్వాదం కూడా మోకరించాడు. ధూపం పొగ ఇద్దరి తలల మీదుగా చిరుగులోంచి లోపలికి వెళ్ళింది. చాలాసేపు ఎవరూ లేవలేదు.

ఆ వచ్చే ఆదివారం ప్రభువు బల్ల రోజు. రొట్టె పళ్ళెం వరసల్లో తిరిగి జకరయ్య దగ్గరికి వచ్చింది. ఆయన తను తీసుకోకుండా పళ్ళెం పక్కనున్న ఆశీర్వాదానికి పట్టుకున్నాడు. ఆశీర్వాదం చిన్న ముక్క తుంచబోయాడు. "పెద్దది తీసుకోవయ్యా," అన్నాడు జకరయ్య. ఆశీర్వాదం రొట్టె నోట్లో పెట్టుకుని, అందరూ చూస్తుండగానే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

పిల్లలూ, ఇందులో తెలుసుకోవలసిన నీతి ఇది: దేవుడు హద్దు పెట్టని కృపకు మనిషి హద్దు పెడితే, ఆ హద్దు అవతల చివరికి మిగిలిపోయేది దాన్ని పెట్టినవాడే.